పల్లెవెలుగు బస్సులో కర్మ సిద్ధాంతం

అడిగిన ప్రశ్న ఇది: "ఎంత నిజాయితీగా పనిచేసినా ఆఫీసులో అందరి ముందూ మేనేజర్‌తో మాటలు పడుతున్నాను. ఇది నా పూర్వజన్మ కర్మా? పూజలకు, ధ్యానానికి టైం దొరకని నాలాంటివాళ్లు రోజువారీ బతుకులోనే ఆధ్యాత్మికంగా ఎదగగలరా?"

నేను ఆర్టీసీ కండక్టర్ని. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక డిపో, ఎక్కువగా పల్లెవెలుగు డ్యూటీలు. వేదాంతం చదువుకున్నదాన్ని కాదు. మాటలు పడటంలో మాత్రం నాకు సర్వీసు బాగానే ఉంది, కాబట్టి జవాబు రాసే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

ముందు పూర్వజన్మ సంగతి. పెద్దలు కర్మను మూడు రకాలుగా చెబుతారు. జన్మజన్మలుగా పోగైనది సంచితం. అందులోంచి ఈ జన్మలో అనుభవించడానికి వచ్చిన వాటా ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తున్న పనుల వల్ల ముందు ముందుకు తయారయ్యేది ఆగామి. నాకు ఇది మా డ్యూటీ చార్టును చూస్తే అర్థమైంది. పొద్దున డిపోకు పోయేసరికి ఏ రూటు, ఏ బస్సు, ఏ డ్రైవర్ అన్నీ రాసిపెట్టి ఉంటాయి. కిటికీ అద్దాలు గడగడలాడే బండే వచ్చిందని ఏడ్చి లాభం లేదు. ఎక్కిన మనిషితో ఎలా మాట్లాడాలన్నది మాత్రం ఏ చార్టులోనూ ఉండదు. అది నా ఇష్టం. రోజంతా నా చేతిలో ఉండేది అదొక్కటే.

ప్రారబ్ధం అన్న మాటతో చిన్న పేచీ ఉంది. నాకు నేను చెప్పుకుంటే అది ఓదార్పు. పక్కవాడికి చెబితే అంత కఠినమైన మాట ఇంకోటి లేదు. 2019 అక్టోబర్ 5న మొదలైన మా సమ్మె 52 రోజులు నడిచింది. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న ఆ రోజుల్లో ఒక దగ్గరి బంధువు మా ఇంట్లోనే కూర్చుని, మేమిచ్చిన టీ తాగుతూ, "ఏం చేస్తం, ఎవరి కర్మ వాళ్లది" అన్నాడు. ఆ మాటలో తత్వం ఏమీ లేదు, ఎక్కడ అప్పు అడుగుతామోనన్న భయం తప్ప. "ఫలితం ఆశించొద్దని భగవద్గీతలో ఉంది కదా" అన్నవాళ్లూ ఉన్నారు. రెండో అధ్యాయం 47వ శ్లోకం జనానికి సగమే గుర్తుంటుంది. నీ అధికారం పని మీదే, ఫలం మీద కాదు అన్న కృష్ణుడు అదే శ్లోకం చివర్లో, అలాగని పని మానుకుని కూర్చోవడం మీద మోజు పెంచుకోకు అని కూడా అన్నాడు. జీతం అడగొద్దని అందులో ఎక్కడా లేదు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చే కథ మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ. మీరు వినే ఉంటారు, అయినా క్లుప్తంగా చెబుతాను. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే పైనుంచి ఒక కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, కొంగ చచ్చి కింద పడింది. తరవాత భిక్షకు ఒక ఇంటికి వెళితే ఆ ఇల్లాలు ఆగమని లోపలికి వెళ్లింది. ఇంతలో ఆకలితో భర్త వచ్చాడు. ఆమె ముందు ఆయనకు వడ్డించి, ఆ తరవాతే భిక్ష తెచ్చింది. ఇతనికి మళ్లీ కోపం. ఆమె, "నేను కొంగను కాను" అంది. అడవిలో జరిగింది ఆమెకు ఎలా తెలిసిందో అర్థం కాక అతను నిలబడిపోయాడు. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్లి ధర్మవ్యాధుణ్ణి కలవమని ఆమే చెప్పింది. వెళ్లి చూస్తే ఆయన మాంసం అమ్ముకునే మనిషి. ఇంట్లో ముసలి తల్లిదండ్రులకు సేవ చేసుకుంటూ, వాళ్లే నా దేవుళ్లు అంటాడు.

ఈ కథను పురాణంలో చెప్పేటప్పుడు పతివ్రత మహిమ మీదకు పోతారు. నాకు పట్టేది వేరు. అంత చదువు, అంత తపస్సు ఒక ఇంటి గుమ్మం ముందు కాసేపు ఆగాల్సి వచ్చేసరికి చెదిరిపోయాయి. బస్టాండులో రోజూ చూసేది ఇదే కదా. ఇంకొకటి, ధర్మవ్యాధుడు తనకు ఈ పుట్టుక ఎందుకొచ్చిందో చెప్పేటప్పుడు తన పూర్వజన్మ కర్మనే కారణంగా చెబుతాడు. కౌశికుడికి మాత్రం, నువ్వు వదిలేసి వచ్చిన అమ్మానాన్నలు నీ కోసం ఏడ్చి ఏడ్చి గుడ్డివాళ్లయ్యారు, వెళ్లి వాళ్లను చూసుకో అంటాడు. పూర్వజన్మ తన వరకు, చేయాల్సిన పని ఎదుటివాడికి. నేను పట్టుకున్న తేడా ఇది. మీ మేనేజర్ తిట్లు మీ కర్మ అని నేను అనకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక రోజువారీ ఎదుగుదల. మా ఉద్యోగంలో కోపం వచ్చే చోట్లు తెలిసినవే. పొద్దున మొదటి ట్రిప్పులోనే ఐదు వందల నోటు ఇచ్చి ఇరవై రూపాయల టికెట్ అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మిగతాది టికెట్ వెనక రాసిస్తాం. దిగేటప్పుడు వాళ్లు మరిచిపోతారు, లేదా మేమే ఎగ్గొట్టామని అరుస్తారు. స్కానింగ్ వచ్చాక ఈ గొడవ కొంత తగ్గింది. అలాంటి నోటు కనపడగానే నా గొంతు గట్టిపడుతుంది. అది నాకిప్పుడు నోరు తెరవకముందే తెలిసిపోతోంది. సాధన అంటే ఇంతే అని నేను అనను గానీ, నాకు దొరికిన సాధన ఇదే. కోపం రావడం ప్రారబ్ధమేమో. దాన్ని మాటగా బయటికి వదలడం మాత్రం కొత్త ఖాతా. ఒకసారి వదిలితే తరవాతి మనిషి మీద వదలడం ఇంకా తేలికవుతుంది. దీన్ని నమ్మడానికి పునర్జన్మ దాకా పోనక్కర్లేదు, సాయంత్రం ట్రిప్పు దాకా ఆగితే చాలు.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. అప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు జీరో టికెట్ కొడుతున్నాం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూసి. ఒకరోజు ఒక అవ్వ, "బిడ్డా, కార్డు ఇంటికాడ మర్సిపోయిన" అంది. రూల్ ప్రకారం ఆమెకు మామూలు టికెట్టే కొట్టాలి, కొట్టాను. దయ చూపాలంటే రూల్ తప్పాలని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. డబ్బులు అడగడం నా పని. నిండు బస్సులో ఆమె పరువు తీయడం నా పని కాదు. వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పాను. ఆమె కొంగుముడి విప్పి ఇచ్చింది. అంతే, ఎవరూ గమనించలేదు. అదే సంగతి గట్టిగా చెప్పి ఉంటే టికెట్ ధర మారేది కాదు, అవ్వ ఆ రోజంతా కుమిలేది.

భక్తికీ దీనికీ సంబంధం లేదా అంటారేమో. మేడారం జాతర స్పెషల్ డ్యూటీలకు వెళ్లినవాళ్లను అడగండి. బస్సులో కోళ్లను, మేకలను ఎక్కించుకోమంటే గొడవ, సీటు మీద తువ్వాలు వేసిన దగ్గర గొడవ. కిటికీలోంచి దూరి మరీ పక్కవాణ్ణి నెట్టేసిన మనిషే గద్దెల దగ్గర కళ్లు మూసుకుని దండం పెడతాడు. వెక్కిరించడానికి చెప్పట్లేదు, ఆ మనిషి భక్తి కూడా నిజమే. కాకపోతే అమ్మవార్లకు బెల్లం ఎత్తిచ్చే చేతికీ, సీటు కోసం తోసే చేతికీ మధ్య ఆ రోజు ఇంకా పరిచయం జరగలేదు. నేను జాతర డ్యూటీ చేసి దర్శనం కాకుండానే తిరిగొచ్చాను. జనం ఎక్కుతూనే ఉన్నారు, బస్సు వదిలి ఎలా పోను? మా అత్తమ్మ మాత్రం ఇప్పటికీ, అంత దూరం పోయి మొక్కకుండా వచ్చావంటూ నస పెడుతుంది.

ధ్యానానికి టైం లేదన్నారు. టైం దొరికితే చేయండి, మంచిదే. దొరకకపోతే అపరాధభావం పెట్టుకోకండి. గీత పద్దెనిమిదో అధ్యాయంలో, తన పనితోనే భగవంతుణ్ణి అర్చించి మనిషి సిద్ధి పొందుతాడని ఉంది. ఇంకో సలహా, పనిలో నష్టపోయిన ప్రతిసారీ లెక్క సరిచూడకండి. రాత్రి క్యాష్ కట్టేటప్పుడు తక్కువ పడితే జేబులోంచి వేసుకుంటాం. "పోయిన జన్మలో ఎవరికో బాకీ, తీరిపోయింది" అంటాడు మా డ్రైవర్ అన్న. నిజమో కాదో గానీ, అలా అనుకుని ఆయన హాయిగా నిద్రపోతాడు.

మీ మేనేజర్ విషయానికి వస్తే, అందరి ముందూ అవమానిస్తుంటే తేదీలతో సహా రాసుకుని పైవాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కర్మ పేరు చెప్పి ఊరుకోవద్దు. ఇచ్చాక ఏమవుతుందో మీ చేతుల్లో ఉండదు, అక్కడే ఆ 47వ శ్లోకం పనికొస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్లాక ఆయన గురించి ఎంతసేపు మాట్లాడుతున్నారో ఇంట్లోవాళ్లను అడగండి. మీకన్నా వాళ్లకే కచ్చితంగా తెలుస్తుంది.