కంప్యూటర్ సందేహాలు: అప్‌డేట్లు బంద్ పెట్టొద్దు, వరుస పెట్టండి

ప్రశ్న: నమస్తే అక్కా. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో సిస్టమ్స్ చూసుకుంటాను. మొత్తం 14 ఉన్నాయి, అన్నీ విండోస్ 11 ప్రో. యాసంగి వడ్లు దిగే రోజుల్లో కాంటా దగ్గరి కంప్యూటర్ అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయింది. మళ్లీ ఆన్ అయ్యాక బరువు చూపించలేదు. గేటు బయట ట్రాక్టర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా సేటు "ఈ అప్‌డేట్లన్నీ బంద్ పెట్టు" అన్నారు. సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ను డిజేబుల్ చేశాను. ఇట్లనే ఉంచొచ్చా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఉంచొద్దు తమ్ముడూ. మీ సేటు కోపంలో న్యాయం ఉంది. బండి ఆగితే కిరాయి ట్రాక్టర్ తెచ్చుకున్న రైతు కూడా నష్టపోతాడు. కానీ బంద్ పెడితే ఏమవుతుందో 2017లో చూశాం. వాన్నాక్రై వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. వైరస్ విరుచుకుపడింది మే 12న. నడుమ దాదాపు రెండు నెలల టైమున్నా, అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లు దేశదేశాల్లో లాక్ అయిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. మీ మిల్లులో వే బిల్లులు, రైతుల లెక్కలు, జీఎస్టీ అన్నీ ఆ 14 సిస్టమ్స్‌లోనే ఉన్నాయి కదా.

అసలు సంగతి కాంటా దగ్గర ఉంది. రీస్టార్ట్ కొద్ది నిమిషాల పని. బరువు రాకపోవడం వేరే జబ్బు, నా అనుమానం డ్రైవర్ మీద, అంటే బయటి పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్ మీద. కాంటా ఇండికేటర్ నుంచి వచ్చే సీరియల్ వైరును యూఎస్‌బీకి మార్చే చిన్న కన్వర్టర్ ఉంటుంది చూడు, ముందు దాన్ని పట్టుకో. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ తెరువు. అక్కడ పసుపు గుర్తుతో "ఫేజ్డ్ అవుట్ సిన్స్ 2012" అన్న మాట కనిపిస్తే, అది పాత ప్రొలిఫిక్ చిప్పు. కొత్త డ్రైవర్ ఆ చిప్పును ఒప్పుకోదు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే అప్పటికి గండం గట్టెక్కుతుంది. సీజన్ అయ్యాక మంచి కన్వర్టర్ కొనిపించు, సేటుకు అది పెద్ద ఖర్చేం కాదు. పసుపు గుర్తు లేకపోతే కామ్ నంబర్ చూడు, అంటే ఆ కన్వర్టర్‌కు విండోస్ ఇచ్చిన పోర్ట్ నంబర్. మునుపు కామ్ 3 ఉన్నది ఇప్పుడు కామ్ 5 అయి ఉంటే, కాంటా సాఫ్ట్‌వేర్‌లో కూడా అదే నంబర్ పెట్టాలి.

ఇది మళ్లీ జరగకుండా, విండోస్‌కు రూల్స్ పెట్టే గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్ కింద, అప్‌డేట్లతో పాటు డ్రైవర్లు రావొద్దని చెప్పే సెట్టింగ్ ఉంది. కాంటా సిస్టమ్‌లో అది ఎనేబుల్ చెయ్యి. సర్వీస్‌ను మళ్లీ మామూలుగా పెట్టు.

ఇక వరుస సంగతి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతుంది. అమెరికా టైమ్ కాబట్టి మనకు ఆ రాత్రి పదిన్నరకు, చలికాలంలో పదకొండున్నరకు వస్తాయి. అంటే మర్నాడు బుధవారం పొద్దున మనం సిస్టమ్ ఆన్ చేసేసరికి వచ్చి కూర్చుంటాయి. నల్లగొండలో నేను చూసే ఆఫీసులన్నిట్లో ఆ బుధవారం ఒకటి రెండు సిస్టమ్స్‌కే అప్‌డేట్ వెళ్తుంది. మీ దగ్గరైతే నీ సిస్టమ్, ఆఫీసులో అంతగా పని లేనిది ఇంకొకటి. వాటిలో ట్యాలీ తెరిచి, ప్రింట్ ఇచ్చి, వారం రోజులు వాడి చూడు. క్వాలిటీ అప్‌డేట్లను, అంటే ఈ నెలనెలా వచ్చేవాటిని, ఎన్ని రోజులు ఆపాలో చెప్పే పాలసీలో మిగతా ఆఫీసు సిస్టమ్స్‌కు 7, కాంటాకు 14 పెట్టు. 30 రోజుల దాకా ఆపుకోవచ్చు, కానీ అంత అక్కర్లేదు. ఈలోపు ఏదైనా తేడా కొట్టినా అది నీ టేబుల్ మీదే తెలుస్తుంది, గేటు దగ్గర కాదు.

యాక్టివ్ అవర్స్ గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. పొద్దున 5 నుంచి రాత్రి 11 దాకా పెడితే ఆ టైములో దానంతటది రీస్టార్ట్ కాదు. వడ్లు రాత్రింబవళ్లు దిగే రోజుల్లో కాంటా సిస్టమ్‌కు పాజ్ నొక్కు, 35 రోజుల దాకా ఆగుతుంది. గడువు దాటాక కొత్త అప్‌డేట్లు వేసుకుంటే తప్ప మళ్లీ పాజ్ ఇవ్వదు. అందుకే సీజన్ మొదలు కాకముందే అన్నీ వేసేసి, తర్వాత పాజ్ చెయ్యి.

కాంటాకు అప్‌డేట్ వేసిన రోజు రీస్టార్ట్ అయింది కదా అని వెళ్లిపోవద్దు. ఖాళీ ట్రాక్టర్ ఒకటి ఎక్కించి, బరువు స్క్రీన్ మీదికి వచ్చిందా, స్లిప్ ప్రింటయిందా చూసి కదులు. సాయంత్రం మిల్లు మూసేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసే మనిషికి కూడా చెప్పి ఉంచు: స్క్రీన్ మీద అప్‌డేట్ శాతం తిరుగుతుంటే కరెంటు తియ్యొద్దు.

ప్రశ్న: మేడమ్, మాది మహబూబ్‌నగర్‌లో డిగ్రీ కాలేజీ. ల్యాబ్‌లో 40 సిస్టమ్స్, ఒకటే ఇంటర్నెట్ లైన్. అప్‌డేట్లు వచ్చిన వారం నెట్ నత్తనడక. అప్‌డేట్లను ఒకచోట దించి అన్ని సిస్టమ్స్‌కు పంచే డబ్ల్యూసస్ సర్వర్ పెట్టాలా?
- ఒక లెక్చరర్

జవాబు: మీ ల్యాబ్‌కు దాని కోసం సర్వర్ కొనక్కర్లేదు సార్. డబ్ల్యూసస్ ఇప్పటికీ పనిచేస్తుంది కానీ, ఇకపై దానికి కొత్త సదుపాయాలు జోడించబోమని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్‌లో చెప్పేసింది. విండోస్‌లోనే డెలివరీ ఆప్టిమైజేషన్ ఉంది. ఒక సిస్టమ్ దించుకున్న అప్‌డేట్ ముక్కలను పక్క సిస్టమ్స్ ల్యాబ్ నెట్‌వర్క్‌లోనే తీసుకుంటాయి. అందుకు సిస్టమ్స్ ఒకే టైములో ఆన్‌లో ఉండాలి, ర్యామ్ 4 జీబీకి తగ్గకూడదు. ముందు నాలుగైదు సిస్టమ్స్ ఆన్ చేసి అప్‌డేట్ దింపండి, తర్వాత మిగతావి ఆన్ చేయించండి.

ఇంకోటి చూడండి. పిల్లలు సెట్టింగ్స్ మార్చకుండా ల్యాబ్‌లో డీప్ ఫ్రీజ్ లాంటిది వేశారా? వేస్తే రీస్టార్ట్ అయినప్పుడల్లా దిగిన అప్‌డేట్ తుడిచిపెట్టుకుపోతుంది, మర్నాడు అదే మళ్లీ దిగుతుంది. నెట్‌ను తినేది చాలాసార్లు ఇదే. నెలకొకసారి ఫ్రీజ్ తీసి, అప్‌డేట్లు పూర్తిగా వేసి, మళ్లీ ఫ్రీజ్ చెయ్యండి. ప్రాక్టికల్స్ ఉన్న వారంలో మాత్రం ఆ పని పెట్టుకోకండి.

ప్రశ్న: నాగర్‌కర్నూల్‌లో మా ఆఫీసు సిస్టమ్స్ పాత ఇంటెల్ మూడో తరానివి, విండోస్ 10. పదకొండుకు మార్చొచ్చా?

జవాబు: మీ ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి. అడ్డదారిలో వేస్తే అప్‌డేట్లకు గ్యారంటీ ఉండదు, ఆఫీసులో ఆ పని చెయ్యకండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సంస్థలు డబ్బు కట్టి మూడేళ్ల దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. కానీ మొదటి ఏడాది ఒక్కో సిస్టమ్‌కు 61 డాలర్లు, ఏటేటా అది రెట్టింపవుతుంది. అంత పాత సిస్టమ్స్ మీద ఆ డబ్బు పెట్టమని నేను చెప్పను. బ్యాంకు పనులు, జీతాల లెక్కలు చేసే సిస్టమ్స్ ముందు మార్చండి. మిగతావి మార్చేదాకా వాటికి ఇంటర్నెట్ తీసేసి ఉంచండి.