చీటీ ఇచ్చి పంపేయకు బుజ్జీ

బుజ్జీ,

ప్రత్తిపాడు వైపు ఊళ్లలో క్యాన్సర్ క్యాంపులన్నీ నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను ఏఎన్ఎంగా చేరిన రోజు కూడా ఇంత పొంగిపోలేదు. ఆ వెంటనే గుండె గుబేలుమంది. చీకటి పడ్డాక మిర్చి లారీల మధ్య స్కూటీ మీద వస్తావా? ఆరింటికల్లా గుంటూరులో ఉండాలి, ఇందులో బేరం లేదు.

ముప్పై దాటినవాళ్లకు నోరు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భసంచి ముఖద్వారం చూడాలని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆశా వర్కర్లను ముందే కలువు. మిరప కోతలప్పుడు క్యాంపు పెట్టకు, కూలి మానుకుని ఎవరొస్తారు?

ఇది మాత్రం విను. ఆరోగ్యశ్రీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఓ సంస్థవాళ్లు మా ఊళ్లో క్యాంపు పెట్టారు. షామియానా, ఫోటోలు, పులిహోర పొట్లాలు. ఒకామెకు గర్భసంచి ముఖద్వారం మీద ఎసిటిక్ యాసిడ్ పూసి చూస్తే తెల్లమచ్చ కనబడింది, అంటే అనుమానించాల్సిందే. చీటీ రాసిచ్చి "పెద్దాసుపత్రికి వెళ్లమ్మా" అని జీపెక్కేశారు. ఆమెకు చదువు రాదు. అత్తగారేమో "తెల్లబట్టకి ఆసుపత్రేంటే" అందట. ఏ గదికెళ్లాలి, ఏం కార్డు పట్టుకెళ్లాలి, డబ్బు అడుగుతారా, చెప్పినవాడు లేడు. చీటీ బియ్యం డబ్బా కింద ఉండిపోయింది. రక్తం పోవడం మొదలయ్యాక గానీ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అప్పటికి క్యాన్సర్ పాకి, మూత్రనాళాలు మూసుకుపోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మచ్చగా ఉన్నప్పుడే అయితే చల్లటి గ్యాసుతో ఆ మచ్చను గడ్డకట్టించి, చాలామందిని ఆ పూటే ఇంటికి పంపేస్తారు. సంస్థ రిపోర్టులో మాత్రం ఆమె రిఫర్ చేసిన కేసు, పని అయినట్టే లెక్క. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

క్యాంపుకి ఎంతమంది వచ్చారని ఎవరైనా అడిగితే చెప్పు, పుస్తకంలో మాత్రం అనుమానం వచ్చినవాళ్ల పేర్లే రాసుకో. ఎవరికి బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) అయింది, ఎవరికి వైద్యం మొదలైంది, ఎవరు మధ్యలో మానేశారు. మొదటిసారి నువ్వో ఆశానో వెంట వెళ్లండి. గుంటూరు పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో మందుల కంపెనీవాళ్లు కట్టించిన క్యాన్సర్ సెంటరుంది, అక్కడ కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్రతో మాట్లాడించి కార్డు సంగతి తేల్చాకే ఇంటికి రండి. కరెంటు (రేడియేషన్) పెట్టాలంటే వారానికి ఐదు రోజుల చొప్పున చాలామందికి ఐదారు వారాలు. అన్నాళ్లూ ఇంట్లో వండేదెవరని అడుగుతారు. విసుక్కోకు తల్లీ, వాళ్లకి జబ్బు కంటే అదే పెద్ద భయం. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడు. మైకులో మాత్రం ఎవరి పేరూ పిలవొద్దు.

నీకు కోపం ఎక్కువ, డాక్టర్లతో పోట్లాడకు. మధ్యాహ్నం టీలతో సరిపెట్టకుండా అన్నం తిను. ఆదివారం ఇటు రా, నా పాత రిజిస్టర్లో గళ్లు ఎలా గీసుకున్నానో చూపిస్తాను.

మీ పెద్దమ్మ