మెషీను కొనేముందు పుంజుల సంగతి తేల్చుకో

కోడలు పిల్లా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. 48 గుడ్లు పొదిగించే మెషీను, అదే ఇంక్యుబేటర్, ఆఫర్లో ఉంది, కొనెయ్యనా అత్తా అన్నావు. ఫోన్లో ముక్తసరిగా వద్దంటే నీకు నచ్చదు, పిల్లలేమో సరదా పడుతున్నారు. అందుకే రాస్తున్నా.

మెషీను పని 21 రోజులే. ఆ తర్వాతంతా నీ పని. అన్ని గుడ్లు పెడితే ముప్పై కోడిపిల్లలు లేచాయనుకో, అందులో సుమారు సగం పుంజులే. నాలుగైదు నెలలకల్లా తెల్లారకముందే కూతలు, ఒకదాన్నొకటి పొడుచుకోవడాలు. గోడకి గోడ ఆనుకున్న మీ కాలనీలో ఎవరు ఊరుకుంటారు? మా ఊళ్లో అయితే పండక్కొకటి, చుట్టానికొకటి కోసుకుంటాం. మీ పిల్లలు ఈపాటికే పేర్లు ఆలోచించి ఉంటారు. పేరు పెట్టిన పుంజును కూరొండితే ముద్ద దిగుతుందా? మీ ఆయనతో, పిల్లలతో ఈ మాట ముందే మాట్లాడు. నా దగ్గరికి పంపిస్తానంటే ఐదారింటికి చోటుంది, పదిహేనింటికి లేదు.

గుడ్లు తినడానికే అయితే అసలు పొదిగించడం ఎందుకు? రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది కదా, వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది వాళ్లే. ఒకరోజు వయసు కోడిపిల్లల్ని అమ్ముతారు. అవి తెచ్చుకో. ఆ కోళ్ల గుడ్లనే మళ్లీ పొదిగిద్దామనుకోకు, తర్వాతి తరానికి ఆ గుణాలు అలాగే రావు.

లేదు, పిల్లలు కళ్లారా చూడాలి అంటావా, పది పన్నెండు గుడ్ల చిన్న మెషీను చాలు. షాపు గుడ్లు మాత్రం పెట్టకు. ఫారం పెట్టల దగ్గర పుంజే ఉండదు, వాటిలోంచి పిల్ల ఎక్కణ్నుంచి వస్తుంది? సంతలో నాటుగుడ్లంటూ అమ్మేవి ఎన్నాళ్లవో తెలీదు. పెట్టిన వారం లోపు గుడ్లు కావాలి, ఫ్రిజ్‌లో పెట్టనివి, కడగనివి. బస్సులో వచ్చిన గుడ్లను సన్నటి కొన కిందికి ఉండేలా ఒక రాత్రి కదపకుండా ఉంచి, అప్పుడు మెషీన్లో పెట్టాలి.

ఇప్పుడు మొదలుపెట్టకు. ఆ మెషీను వేడి చేస్తుందే గాని చల్లబరచలేదు. లోపల 37.5 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మీ హాలే 40కి దగ్గరగా పోతే పాపం అదేం చేస్తుంది? చల్లదనాన్ని గుడ్డు కాసేపు ఓర్చుకుంటుంది, ఎక్కువ వేడిని ఓర్చుకోదు. పైగా ఎండల్లో కోళ్లని చంపే కొక్కెర తెగులు ఒకటి. మెషీను మీద కనిపించే అంకెను కూడా గుడ్డిగా నమ్మకు. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటుందిగా, అది లోపల పెట్టి చూడు, ఫారెన్‌హీట్‌లో 99.5 దగ్గర ఉండాలి. కరెంటు గంటసేపు పోయినా కంగారుపడకు. మూత తియ్యకుండా, గాలి కన్నాలు మూసుకోకుండా దుప్పటి కప్పు. మీకు ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ తక్కువే.

గుడ్లు రోజుకు మూడుసార్లయినా తిప్పాలి, లేకపోతే పిండం పెంకుకి అతుక్కుపోతుంది. నీది ఆఫీసు ఉద్యోగం, కాబట్టి వాటంతటవే తిప్పే రకం తీసుకో. ఏడో రోజు రాత్రి లైట్లార్పి గుడ్డు కింద సెల్‌ఫోన్ టార్చ్ పెట్టి చూపించు, ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. పిల్లలకి పెంకు పగలడం కంటే అదే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం. ఏమీ కనబడని గుడ్లు తీసెయ్. 18వ రోజు నుంచి తిప్పడం ఆపి, నీళ్లు ఎక్కువ పోసి తేమ పెంచి, ఇక మూత ముట్టుకోకు. ఆ నాలుగు రోజులు పెళ్లిళ్లూ ఊర్లూ పెట్టుకోవద్దు. పెంకుకి చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి పూటలు పూటలు పడుతుంది. జాలిపడి ఒలిచారో, నెత్తురు కారి చచ్చిపోతుంది. పిల్లలకంటే మీ ఆయనకే ఈ మాట గట్టిగా చెప్పు.

లేచిన పిల్లలకి తడి ఆరాక అట్టపెట్టె, పైన బల్బు. మొదటి వారం 33, 34 డిగ్రీలు, ఆపైన వారం వారం తగ్గించుకుంటూ రావాలి. మొదటి వారంలోనే కొక్కెరకి చుక్కల మందు వేయించాలి. ఆ మందు సీసాలు వందల పిల్లలకి సరిపడా వస్తాయి, నీ పదింటి కోసం ఒక్కటి తెరవాలి. పశువుల డాక్టరును ముందే అడిగిపెట్టుకో.

నన్నడిగితే ఇవేవీ లేకుండా ఇంకో దారి ఉంది. చలికాలంలో మా పెట్టల్లో ఏదో ఒకటి పొదగడానికి కూర్చుంటుంది. దాన్నీ పది గుడ్లనూ గంపతో సహా తెచ్చి మీ వరండాలో ఓ మూల పెడతాను. వేడి, తేమ, తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని పెంచుతుంది కూడా. రెండు నెలలయ్యాక తల్లినీ పిల్లల్నీ వెనక్కి తెచ్చుకుంటా, మీకు రెండు పెట్టలు ఉంచుతా.

మెషీనే కావాలంటే కొనుక్కో, నేనేమీ అనుకోను. ఏదైనా దీపావళి అయ్యాక ఫోన్ చెయ్యి. వారం ముందు చెబితే గుడ్లు అమ్మకుండా దాచిపెడతా.

మీ అత్త