పంచనామాలో ‘పట్టాలు దాటుతుండగా’ అని రాశారు, పరిహారం వస్తుందా?

సందేహం: మాది పొందూరు దగ్గర పల్లె. మా ఆయనకు 35 ఏళ్లు. రైల్వే కాంట్రాక్టరు కింద ఒక మేస్త్రి దగ్గర పట్టాల మధ్య కంకర తీసి జల్లించే పనికి వెళ్లేవారు, రోజుకు 600 కూలి. 2024 సెప్టెంబరు 18న పని మధ్యలో నీళ్లు తాగడానికి రెండో లైను దాటుతుంటే ఎక్స్‌ప్రెస్ కొట్టేసి అక్కడికక్కడే చనిపోయారు. పెద్దకర్మకు కాంట్రాక్టరు 40 వేలు ఇచ్చి, మూడు తెల్ల కాగితాల మీద నా సంతకాలు తీసుకున్నాడు. మూడు లక్షలిస్తాను, రాజీ రాయమంటున్నాడు. తెలిసినాయన ఒకరు మాత్రం రైల్లోంచి జారిపడ్డట్టు రైల్వే ట్రైబ్యునల్‌లో వేస్తే ఎనిమిది లక్షలొస్తాయి, టికెట్టు సంగతి తాను చూసుకుంటానంటున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, విధవరాలైన అత్తగారు నా మీదే ఆధారం. కాళ్లావేళ్లా పడినా కనికరించని ఆ కాంట్రాక్టరును జైల్లో పెట్టించలేమా? మా మరిది ఇప్పటికీ ఆ మేస్త్రి దగ్గరే చేస్తున్నాడు. పంచనామా నకలు పంపుతున్నాను.
— ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, కాంట్రాక్టరు కనికరించాడా లేదా అన్నదాని మీద మీ కేసు నిలబడదు. పంచనామా రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘పట్టాలు దాటుతుండగా రైలు ఢీకొని మృతి’. మీ ఆయన పనిలో ఉన్న కూలీయా, దారిన పోతూ పట్టాలు దాటిన మనిషా? మీకు రావలసిన ప్రతి రూపాయీ ఈ ఒక్క ప్రశ్న మీదే ఉంది.

1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం సెక్షన్ 3 ప్రకారం ప్రమాదం పని కారణంగా, పనిలో ఉండగా జరిగిందని తేలితే చాలు. తప్పు ఎవరిదని అడగరు. ‘చెప్పినా వినకుండా దాటాడు’ అని కాంట్రాక్టరు అన్నా, మనిషి చనిపోయిన కేసులో ఆ వాదన చెల్లదని అదే సెక్షన్ చెబుతోంది. ఎండలో కంకర తీసే మనిషి పనివేళలో దాహానికి వెళ్లడం పనిలోకే వస్తుంది. నీళ్ల డ్రమ్ము ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది మీ ఆయన కాదు, మేస్త్రి. అది ఏ లైనుకు అవతల ఉందో, పని ఏ లైను మీద జరుగుతోందో మీ మరిది చేత ఇప్పుడే రాయించి పెట్టుకోండి. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది గానీ, మీ హక్కు 2024లోనే పుట్టింది కాబట్టి పాత చట్టం ప్రకారమే అడగాలి.

పంచనామా మీకు వ్యతిరేకంగా ఉందని భయపడుతున్నారు. దాన్ని పూర్తిగా చదవండి. శవం ఒంటి మీద ‘నారింజ రంగు జాకెట్టు’, చేతులకు ‘గుడ్డ తొడుగులు’ ఉన్నాయని మొదటి పేజీలో రాశారు. పొలానికో సంతకో వెళ్తూ పట్టాలు దాటే మనిషి మెరుపు పట్టీల జాకెట్టు వేసుకోడు. ప్రమాద సమయం ఉదయం 11.20 అని ఉంది, అది పనివేళ. ఆపైన కిలోమీటరు నంబరు ఉంది. రైలు కరెంటు స్తంభాల మీద కిలోమీటరు, దాని కింద స్తంభం వరుస సంఖ్య రాసి ఉంటాయి. ఆ రోజు పని ఏ స్తంభం నుంచి ఏ స్తంభం దాకా జరిగిందో రైల్వే కాగితాల్లో దొరికితే, పంచనామాలోని నంబరు దానికి సరిపోతే, సగం కేసు గెలిచినట్టే.

ఆ కాగితాలు రైల్వే దగ్గర ఉంటాయి. స్లీపర్ల కింద కంకర జల్లించే చోట బళ్ల వేగం తగ్గించాలి. అందుకు లోకో పైలట్లకు ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా అంటూ కాషన్ ఆర్డర్ ఇస్తారు. లైను ఆపి పని చేస్తే బ్లాక్ ఇచ్చినట్టు స్టేషన్‌లో నమోదవుతుంది. డివిజన్ ప్రజా సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ తేదీ కాషన్ ఆర్డర్, బ్లాక్ వివరాలు, పనిచోట ఇంజినీర్లు ఆదేశాలు రాసే సైట్ ఆర్డర్ బుక్, ఆ పని కాంట్రాక్టు ఒప్పందం, ప్రమాదం గురించి స్టేషన్ మాస్టరు రైల్వే పోలీసులకు పంపిన మెమో, శ్రామిక్ కళ్యాణ్ పోర్టల్‌లో కాంట్రాక్టరు ఎక్కించిన కూలీల పేర్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి. రిజిస్టర్లు కలకాలం ఉండవు, ఈ వారమే పంపండి.

ఇక మందలించక తప్పని మాట. అక్షరం లేని కాగితాల మీద సంతకం ఎలా పెట్టారమ్మా? ఏడాది దాటినా ఒక్క నోటీసైనా ఎందుకు ఇవ్వలేదు? రేపు ఆ కాగితం మీద ‘నా భర్త ఆ రోజు పనికి రాలేదు, సొంత పని మీద వెళ్లాడు’ అని రాసి తీసుకొస్తే మీరేం చేస్తారు? ఈ రోజే కాంట్రాక్టరుకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఫలానా తేదీన మూడు తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకున్నారని, వాటిలో ఏం రాసినా మీకు సంబంధం లేదని అందులో ఉండాలి. రసీదు, నోటీసు అందినట్టు రుజువు దాచండి. ఆ కాగితాలు బయటికి వచ్చాక చెప్పే మాటకంటే ముందే చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

మూడు లక్షల రాజీ సంగతి. హక్కు వదులుకుంటున్నానని రాసిన ఒప్పందం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. మరణ పరిహారాన్ని నష్టపరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి తప్ప చేతికిస్తే చెల్లించినట్టు కాదని సెక్షన్ 8 చెబుతోంది. మూడు నెలల కూలి దాకా ముందుగా ఇవ్వొచ్చు కాబట్టి ఆ 40 వేలు మాత్రం మొత్తంలో తగ్గిస్తారు. ‘చెల్లని కాగితమే కదా, సంతకం పెట్టి డబ్బు తీసుకుని తర్వాత కేసు వేద్దాం’ అనుకోకండి. హక్కు వదులుకున్న మాట చెల్లకపోయినా, అదే కాగితంలో ‘పనిలో లేడు’ అని ఒప్పుకున్న మాటను మీ మీదే సాక్ష్యంగా వాడతారు.

ఆ టికెట్టు మనిషిని గుమ్మం ఎక్కనివ్వకండి. రైల్వే ట్రైబ్యునల్ ఇచ్చే ఎనిమిది లక్షలు రైల్లోంచి జారిపడిన ప్రయాణికుల వంటివారికి, పట్టాల మీద బండి కొట్టిన కాంట్రాక్టు కూలీకి కాదు. దానికి గడువు ఏడాది, అదీ 2025 సెప్టెంబరుతో పోయింది. దొంగ టికెట్టుతో ప్రమాణం చేస్తే తప్పుడు సాక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 ప్రకారం ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ జైలు మీకు, ఆయనకు కమీషను. పైగా ఒకచోట ప్రయాణికుడని ప్రమాణం చేశాక, ఇంకోచోట కూలీ అంటే ఎవరు నమ్ముతారు? నిజంగా రావలసిన పరిహారమూ పోతుంది.

అది ఎంతో చూడండి. 600 చొప్పున 26 రోజులకు 15,600. చట్టం లెక్కకు తీసుకునే నెల జీతం గరిష్ఠంగా 15,000. అందులో సగం 7,500. 35 ఏళ్ల వయసుకు షెడ్యూల్‌లోని గుణకం 197.06. మొత్తం 14,77,950 రూపాయలు. దీని మీద 12 శాతం సాధారణ వడ్డీ, ఏడాదికి 1,77,354. సరైన కారణం లేకుండా ఎగ్గొట్టినందుకు 50 శాతం దాకా జరిమానా కూడా అడగొచ్చు. కాంట్రాక్టరు రిజిస్టరులో కూలి 300 అని రాస్తే ఈ అసలు 7,68,534కు పడిపోతుంది. అందుకే కూలి పడిన బ్యాంకు పాస్‌బుక్, ఫోన్‌పే జమలు, మేస్త్రి పంపిన వాట్సాప్ హాజరు ఫోటోలు ఏవి ఉన్నా భద్రం. మీ ఆయన ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి.

దరఖాస్తు జిల్లా కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనర్‌గా ఉన్న అధికారికి పెట్టాలి. గడువు రెండేళ్లు, 2026 సెప్టెంబరు 17 దాటనివ్వకండి. మీరు, పిల్లలు, అత్తగారు దరఖాస్తుదారులు. ఎదుటి పక్షంలో మేస్త్రి, కాంట్రాక్టరు, రైల్వే ముగ్గురినీ చేర్చండి. పని రైల్వేది, చోటు రైల్వేది. సెక్షన్ 12 ప్రకారం రైల్వే దగ్గరే వసూలు చేసుకోవచ్చు, వాళ్లు తర్వాత కాంట్రాక్టరు బిల్లుల్లోంచి రాబట్టుకుంటారు. అన్నిటికంటే ముందు ఆయన పేరున ఈఎస్ఐ నంబరు ఉందేమో చూడండి. ఉంటే దారి మారుతుంది, ఈఎస్ఐ నుంచి ఆశ్రితుల పింఛను తీసుకోవాలి, ఈ దరఖాస్తు నిలవదు. పీఎఫ్ కట్టి ఉంటే ఆ బీమా, పింఛను వేరు. లాయరు ఫీజు గురించి దిగులొద్దు, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ 15100.

జైలు విషయం: నిర్లక్ష్యం వల్ల మరణానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106 ఉంది, ఫిర్యాదు ఇవ్వొచ్చు. పరిహారం కేసును మాత్రం దానికోసం ఆపకండి.

మీ మరిది మీకు ముఖ్య సాక్షి. కూలి పోతుందని నోరు మెదపడేమోనని మీ భయం కాబోలు. కమిషనర్ సమన్లు పంపితే అతను రావాల్సిందే, కాబట్టి సాక్షుల జాబితాలో పేరు రాయండి. అంతకంటే ముందు అతను బతికి ఉండాలి. ఈ మాటలు అతనికి చదివి వినిపించండి: 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 600 మీటర్లను 20 సెకన్లలో దాటేస్తుంది. లైనుకు అడ్డం వచ్చే పనైతే 600 మీటర్ల దగ్గర పట్టాలకు అడ్డంగా కట్టే ఎర్రగుడ్డ బ్యానర్ ఫ్లాగ్, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో, చక్రం ఎక్కితే పేలి డ్రైవరును హెచ్చరించే మూడు డిటోనేటర్లు ఉండాలని నియమం. చేత్తో చేసే చిన్న పనికైనా ఈల పట్టుకుని బండి కోసం చూడటమే పనిగా ఒక మనిషి ఉండాలి, అతని చేతికి పార ఇవ్వకూడదు. ఈల వినబడితే పనిముట్లు పట్టాల మీంచి తీసి బయటి గట్టు మీదకు వెళ్లాలి. రెండు లైన్ల మధ్య నిలబడకూడదు. ఒక బండి చప్పుడులో రెండోది వినబడదు, మీ ఇంట్లో జరిగిందీ అదే కావచ్చు. నీళ్ల డ్రమ్ము పనిచేసే లైను వైపే పెట్టమని అడగాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు గట్టు మీద నిలబడి స్తంభం నంబరు ఒక ఫోటో తీసి మీకు పంపమనండి.