గనిలో చిక్కుకుంటే గాలి ఎలా అందుతుంది? ఒకసారి లోపల ఇరుక్కున్నవాడిగా నా జవాబు

మీ తమ్ముడు అండర్‌గ్రౌండ్ బొగ్గు గనిలో కొత్తగా చేరాడన్నారు. పైకప్పు కూలి మనుషులు లోపల చిక్కుకుంటే పైనుంచి బోరు వేసి ఆక్సిజన్ దించేస్తే సరిపోతుంది కదా, మరి ఎందుకంత కష్టం అని అడిగారు. నేను 22 ఏళ్లు గనుల్లో పనిచేశాను, చివరి 9 ఏళ్లు రెస్క్యూ టీంలో. అంతకు చాలా ముందు ఓసారి కూలిన రాయి వెనకాల 5 గంటలు ఇరుక్కుపోయాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది.

ఆ రోజు మేం నలుగురం హెడింగ్‌లో ఉన్నాం. హెడింగ్ అంటే ముందుకు తవ్వుకుంటూ పోయే దారి, అటు చివర మూసుకునే ఉంటుంది, వెనక్కి వస్తేనే బయటపడతాం. మాకు 8 మీటర్ల వెనక రూఫ్ దిగింది. చప్పుడు కంటే ముందు గాలి వీపుమీద తోసింది, ఆ వెంటనే దుమ్ము, క్యాప్ ల్యాంపు వెలుగులో చేయి చాపితే వేళ్లు కనబడలేదు. మాకు గాలి తెచ్చే ఫ్యాన్ డక్టు రాళ్ల కింద నలిగిపోయింది. షిఫ్టు మొదలైనప్పటి నుంచి చెవిలో ఉండే ఆ ఫ్యాన్ హోరు ఒక్కసారిగా ఆగిపోయింది చూడండి, నాకు రాళ్లు పడ్డప్పటి కంటే అప్పుడే ఎక్కువ భయమేసింది.

మేం ముగ్గురం పారలు తీసుకుని పిచ్చిగా తవ్వడం మొదలుపెట్టాం. మా సర్దార్, అంటే మా పనికి పెద్ద, ఓ పది నిమిషాలు చూసి, "ఆపండిరా, కూర్చోండి, ఎవడూ పార ముట్టుకోవద్దు" అని గట్టిగా అరిచాడు. అప్పుడు కోపం వచ్చింది. తర్వాత రెస్క్యూ ట్రైనింగ్‌లో లెక్క నేర్చుకున్నాక తెలిసింది, ఆయన మమ్మల్ని బతికించాడని.

ఆ లెక్క మీకూ చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకి దాదాపు 25 లీటర్ల ఆక్సిజన్ వాడుకుని 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మనిషికి 10 ఘనపు మీటర్ల చోటు ఉందనుకోండి, గాలి బొత్తిగా కదలకపోతే సుమారు 15 గంటల్లో ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ 3 శాతానికి చేరుతుంది, అంటే తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. ఆక్సిజన్ 21 నుంచి 16 శాతానికి పడిపోవడానికి 20 గంటలు పడుతుంది. అంటే ఆక్సిజన్ తగ్గి ప్రమాదం వచ్చే లోపే మనం వదిలిన ఊపిరే మనల్ని పట్టుకుంటుంది. పార పట్టి తవ్వితే ఈ లెక్క నాలుగైదు రెట్లు తొందరగా నడుస్తుంది.

ఇప్పుడు సిలిండర్ సంగతి. పెద్ద ఆక్సిజన్ సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్లు ఉంటుంది. లెక్క ప్రకారం నలుగురికి 70 గంటలు రావాలి. కానీ కార్బన్ డయాక్సైడ్‌ని తీసేసేది ఏదీ లేకపోతే ఆక్సిజన్ పుష్కలంగా ఉండగానే మనిషి స్పృహ తప్పుతాడు, పైగా బొగ్గు, దుమ్ము ఉన్న చోట ఆక్సిజన్ ఎక్కువైతే చిన్న నిప్పు కూడా పెద్దదవుతుంది. అందుకే రెఫ్యూజ్ చాంబర్లలో, అంటే ఆపదలో తలదాచుకునే గదుల్లో, ఆక్సిజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే సోడా లైమ్‌గానీ లిథియం హైడ్రాక్సైడ్‌గానీ పెడతారు. అవి లేని చోట మనిషికి కావలసింది మామూలు గాలి, అదీ ఆగకుండా వస్తూ, పాత గాలిని బయటికి నెట్టేటంత.

మాకు ఆ గాలి ఎక్కడినుంచి వచ్చిందంటే, డ్రిల్లు మెషీన్‌కి గాలి ఇచ్చే రెండంగుళాల ఇనప పైపు నుంచి. గోడ వారగా, నేలమీద పడి ఉండేది. రాళ్లు దానిమీద పడి వంగింది గానీ తెగలేదు. సర్దార్ దాని కాక్ (పైపు చివర కుళాయి లాంటిది) తిప్పాడు, ఏమీ రాలేదు. డ్రిల్లింగ్ అయిపోయిందని బయట ఎవరో మెయిన్ వాల్వ్ కట్టేశారు. అప్పుడు స్పానర్‌తో పైపుమీద కొట్టడం మొదలుపెట్టాం, ఐదు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్లీ ఐదు. 40 నిమిషాలకి అటువైపు నుంచి ఐదు దెబ్బలు వినిపించాయి. ఇంకో పది నిమిషాలకి కాక్‌లోంచి ముందు తుప్పు నీళ్లు చిమ్మాయి, తర్వాత ఆయిల్ వాసన, ఆ తర్వాత బుస్సుమని చల్లటి గాలి. మా దగ్గరున్న మీటర్‌లో మీథేన్ (బొగ్గులోంచి వచ్చే, మండే వాయువు) అప్పటికి 1.8 శాతం, గంటలో 0.5కి దిగింది. ఆ చెడ్డ గాలి రాళ్ల సందుల్లోంచి బయటికి పోయింది. సందులు లేకపోయి ఉంటే పైపు ఉన్నా అంత మేలు జరిగేది కాదు, గాలి రావడానికి దారి ఉంటే సరిపోదు, పోవడానికీ ఉండాలి.

కంప్రెసర్ గాలి గురించి ఒక మాట. ఆ ఆయిల్ వాసన చిన్న విషయం కాదు. కంప్రెసర్ బాగా వేడెక్కినా, దాని గాలి పీల్చే చోటు దగ్గర డీజిల్ ఇంజిన్ పొగ వదులుతున్నా పైపులోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువే లోపలికి పోతుంది. మనుషులు పీల్చే గాలిలో అది 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) దాటకూడదు. రెస్క్యూలో ఉండగా నేను మొదట చూసేది ఇదే, కంప్రెసర్ ఎక్కడ నిలబెట్టారు, పొగ ఎటు పోతోంది అని.

ఇక బోరు. బోరు పనికొస్తుంది, కాదనను. 2002 జూలైలో అమెరికాలోని క్వెక్రీక్ గనిలో పక్కనున్న పాత గని నీళ్లు పొంగి తొమ్మిదిమంది చిక్కుకున్నారు. ఆ రాత్రే సుమారు 70 మీటర్ల లోతుకి, ఆరంగుళాల పైచిలుకు బోరు వేసి గాలి పంపారు. ఆ గాలి రెండు పనులు చేసింది: ఊపిరి ఇచ్చింది, నీళ్లని వెనక్కి నెట్టి పట్టింది. నీళ్లు పది మీటర్లు ఎత్తున ఉంటే దాన్ని ఆపడానికి గాలికి దాదాపు ఒక బార్ (మన చుట్టూ ఉన్న మామూలు గాలి ఒత్తిడి అంత) అదనపు ఒత్తిడి కావాలి, అందుకే బోరు చుట్టూ సందులు మూసేశారు. తొందరపడి పెద్ద రంధ్రం తెరిస్తే గాలి జారిపోయి నీళ్లు మీదికొస్తాయి, కాబట్టి ముందు నీటిమట్టం తగ్గించి, ఆ తర్వాతే పెద్ద బోరులోంచి తొమ్మిదిమందినీ తీశారు.

కానీ అక్కడ మనుషులు ఎక్కడున్నారో ముందే అంచనా కుదిరింది, లోతూ తక్కువ. 2010లో చిలీలో శాన్ హొసే గనిలో 33 మంది దాదాపు 700 మీటర్ల లోతున ఉన్నారు, బోరు వాళ్లని చేరేసరికి 17 రోజులు. అన్ని రోజులు బతికారంటే లోపలి గాలి పూర్తిగా చెడిపోకపోవడం వల్లే. 2006 జనవరిలో అమెరికాలోని సేగో గనిలో పేలుడు జరిగింది, బోరు దిగి పరీక్షిస్తే కార్బన్ మోనాక్సైడ్ 1,300 పీపీఎం దాటి ఉంది. పరదా కట్టుకుని దాని వెనక దాక్కున్న 12 మందిలో ఒక్కరే బతికారు. ఆ ఏడాదే అమెరికాలో చట్టం మార్చారు, ఆ తర్వాత గనుల్లో 96 గంటలకి సరిపడా గాలి సిద్ధంగా ఉండేలా నిబంధనలు వచ్చాయి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకున్నప్పుడు మొదటి రోజుల్లో వాళ్లని నిలబెట్టింది అప్పటికే వేసి ఉన్న నాలుగంగుళాల పైపే, 17 రోజుల తర్వాత అందరూ బయటికి వచ్చారు. అది గని కాదు, సొరంగం, కానీ నాకు ఆ పైపు చూస్తే మా రెండంగుళాల పైపే గుర్తొచ్చింది.

ఇంకో భయంకరమైన విషయం, లోపల మంటలున్నా, మీథేన్ ఎక్కువ పేరుకుని ఉన్నా ఇష్టమొచ్చినట్టు గాలి పంపకూడదు. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్యలో పేలుతుంది. 20 శాతం ఉన్న చోటికి గాలి పంపితే అది పలచబడుతూ సరిగ్గా ఆ మధ్యలోకే వస్తుంది. పైన నిలబడ్డ కుటుంబాలకి "గాలి ఎందుకు పంపట్లేదు" అనిపిస్తుంది, వాళ్ల బాధ నేను చాలాసార్లు చూశాను. ఆ గంటల్లో పైనున్నవాళ్లు గ్యాస్ శాంపిల్స్ తీసి, ఏ వైపు నుంచి ఎంత గాలి పంపాలో లెక్కలు కడుతుంటారు.

మీ తమ్ముడికి ఇది చెప్పండి. నడుముకి కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ (ప్రమాదంలో నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకునే పరికరం) ఏ రకమో అడిగి తెలుసుకోమనండి. ఫిల్టర్ రకం కార్బన్ మోనాక్సైడ్‌ని మాత్రమే ఆపుతుంది, ఆక్సిజన్ లేని చోట పనికిరాదు. ఆక్సిజన్ తయారుచేసే రకం అయితే సుమారు అరగంట నుంచి గంట వరకు వస్తుంది. రెండూ పనిచేసేటప్పుడు లోపలికొచ్చే గాలి వేడెక్కుతుంది, నోరు కాలుతోందని చాలామంది తీసి పారేస్తారు. తీయకూడదు, వేడిగా ఉందంటే అది పనిచేస్తోందనే.

తర్వాత తను పనిచేసే చోట గాలి పైపు ఎంత దగ్గరిదాకా వచ్చింది, చివర కాక్ ఉందా, అది చేత్తో తిరుగుతోందా, మెయిన్ వాల్వ్ షిఫ్టు మధ్యలో ఎవరైనా కట్టేస్తారా అని చూసుకోమనండి. కొత్తవాడు ఇవన్నీ అడిగితే ఎవరైనా నవ్వొచ్చు, నవ్వనివ్వండి. ఆ రోజు తర్వాత నేను ఏ హెడింగ్‌కి వెళ్లినా పని మొదలుపెట్టే ముందు కాక్ తిప్పి, బుస్సుమని గాలి వచ్చాకే కట్టేసేవాణ్ని. రిటైరయ్యే రోజు దాకా.