టకర్ కన్వర్టిబుల్ అసలుదేనా?

ప్రశ్న: 1948 నాటి టకర్ కార్లలో ఒకే ఒక్క కన్వర్టిబుల్ (టాపు తెరుచుకునే కారు) నమూనా ఉందని, నంబరు 57 అని, కంపెనీయే దాన్ని రహస్యంగా మొదలుపెట్టిందని ఇక్కడి మిత్రుడొకరు బల్లగుద్ది చెబుతున్నారు. నమ్మవచ్చాండీ?
– ఒక పాఠకుడు, షికాగో

జవాబు: ఇనుము టకర్‌దే అయ్యుండొచ్చండీ. ఈ కార్లు తయారుచేసిన ప్రెస్టన్ టకర్ ఫ్యాక్టరీ మీ షికాగోలోనే ఉండేది. తొలి నమూనాతో కలిపి లెక్కకొచ్చే కార్లు 51. ఫ్రేములు, బాడీలు మాత్రం 58 దాకా తయారయ్యాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్ని మిగిలిపోయాయి కనుక 57 అనే అంకె నన్నేమీ ఆశ్చర్యపరచదు. నా అనుమానమంతా టాపు మీదే.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా పాత బండ్లు బాగుచేస్తున్నాను. ఒకసారి టాపు లేని ఫియట్ ఒకటి మా షెడ్డుకొచ్చింది. కంపెనీ చేసిన ఓపెన్ కారని చెబితే నమ్మి ఒకాయన రెట్టింపు ధర పెట్టి కొన్నాడు. లోపలి మ్యాటు ఎత్తి, టాపును మోసే పిల్లర్ల మొదట్లో రంగు గీకి చూశాను. లప్పం ఊడి, కింద గ్యాస్ వెల్డింగ్ అతుకు బయటపడింది. ఛాసిస్ నంబరు మాత్రం అసలుదే! దాన్నే వేలితో పదేపదే తడుముతూ నిలబడ్డాడాయన. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

టకర్ కన్వర్టిబుల్‌దీ అదే చిక్కు. బండి పూర్తయింది 2010 ప్రాంతంలో, అంటే ఫ్యాక్టరీ పోయిన అరవై ఏళ్ళకు. ఫ్రేముకు అదనపు బలం ఇచ్చారంటారు. టాపు తీస్తే బాడీ ఊగుతుంది కాబట్టి ఎవరు కోసినా ఆ పని చెయ్యాల్సిందే. ఎప్పుడు చేశారన్నదే ప్రశ్న. టకర్ మీద మోసం కేసు పెట్టి ప్రభుత్వం కంపెనీ లెక్కలన్నీ తిరగేసింది, 1950 జనవరిలో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. కంపెనీ నిజంగా కన్వర్టిబుల్ మొదలుపెట్టి ఉంటే, అంత తవ్వకంలో దాని ఊసే రాకుండా ఉంటుందంటే నేనైతే నమ్మలేను. కంపెనీ అలాంటి కారు మొదలుపెట్టిందనడానికి ఆధారం లేదని అమెరికాలోని టకర్ కార్ల క్లబ్బు కూడా అంటోంది.

మీ మిత్రుణ్ణి 1948 తేదీ ఉన్న డ్రాయింగో, ఫొటోనో అడగండి. "ఫలానా ఆయన చెప్పాడు" అంటే ఒప్పుకోకండి. పెన్సిల్వేనియాలోని హెర్షీ పాత కార్ల మ్యూజియంలో మూడు టకర్లు, ఫ్యాక్టరీ డ్రాయింగులు ఉన్నాయి. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్ళి, టాపు ఉన్న టకర్ పిల్లర్లు ఎలా ఉంటాయో ముందు చూసి రండి.