మిర్చి యార్డు సర్వేకి 100 మంది చాలా, 385 మంది కావాలా?

గుంటూరు మిర్చి యార్డు రైతుల మీద ఎంబీఏ ప్రాజెక్టు చేస్తున్నానని, గైడ్ 100 శాంపిల్ చాలన్నారని, ఫ్రెండ్ మాత్రం 385 ఉండాల్సిందే అంటున్నాడని రాశారు. ఇద్దరూ కరెక్టే. 95 శాతం కాన్ఫిడెన్స్‌తో (అంటే ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు) ఫలితం అసలు అంకెకి 5 శాతం అటూ ఇటూగా రావాలంటే 385 మంది కావాలి. 10 శాతం తేడా ఉన్నా ఫర్వాలేదంటే 97 మంది చాలు. తేడాని సగానికి తగ్గించాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి, జేబుకు చిల్లు పడేది అక్కడే. రైతులు 50 వేలమందైనా, 5 లక్షలమందైనా ఈ అంకె పెద్దగా మారదు. మొత్తం జాబితాలోనే 800 మంది ఉంటే మాత్రం 385 బదులు 260 సరిపోతుంది.

అయితే ఇవన్నీ లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచుకున్నప్పటి లెక్కలు. యార్డులో ఫీల్డ్ వర్క్ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అక్కడ అంత తేలిగ్గా కుదరదు. ఒకే ఊరివాళ్లు నలుగురూ కలిసి బండి మాట్లాడుకుని వస్తారు. టిక్కీల (మిర్చి బస్తాల) మీద వరసగా కూర్చుని ఉంటారు, పది ఫారాలు చకచకా నింపేయొచ్చు. మొదటాయన "తాలు ఎక్కువుందని రేటు కొట్టేశారండీ" అంటాడు (తాలు అంటే రంగు పోయిన నాసిరకం కాయ). పక్కాయన "నాదీ అదే, రాసుకోండి" అంటాడు. ఫారాలు పది, అభిప్రాయం ఒక్కటే! ఒకే బండివాళ్ల జవాబుల మధ్య పోలిక 0.05 మాత్రమే ఉన్నా సరే (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే మాట), పదేసిమంది చొప్పున అడిగితే 385కి బదులు 558 మంది కావాలి. అందుకే బండికి ఒకరిద్దరిని మించి అడగొద్దు. పొద్దున వచ్చినవాళ్లనే కాకుండా మధ్యాహ్నం వచ్చేవాళ్లని కూడా పట్టుకోండి.

ఇంకో మాట. కౌలు రైతుల్ని, సొంత పొలం ఉన్నవాళ్లని పోల్చే ఉద్దేశం ఉందా? 100 మందిలో కౌలుదార్లు 25 మందే దొరికితే, వాళ్ల గురించి మీరు చెప్పే శాతం 20 దాకా అటూ ఇటూ అవుతుంది. ఏయే గుంపుల్ని పోలుస్తారో ముందే తేల్చుకుని, ఒక్కో గుంపుకి కనీసం 100 మంది ఉండేలా చూసుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం పెట్టి వెయ్యి జవాబులు తెచ్చుకోవాలన్న ఆలోచన మానుకోండి. మనుషుల్ని ఎంచుకున్న తీరు సరిగా లేకపోతే జవాబులు ఎన్నొచ్చినా లాభం లేదు. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చినా, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని తప్పు చెప్పింది.

టైం తక్కువుంటే 200 దగ్గర ఆపి, రిపోర్టులో తేడా దాదాపు 7 శాతం అని, రైతుల్ని ఎలా ఎంచుకున్నారో రాసేయండి. వైవాలో (ప్రాజెక్టు మీద జరిగే మౌఖిక పరీక్షలో) ముందు అడిగేది అదే.